రేసుల నుంచి వచ్చిన గుర్రానికి వెన్ను కండ పట్టాలంటే పెసోవా కొనాలా?

చేవెళ్ల_మట్టి:

మలక్‌పేట రేసుల్లో పరిగెత్తి బయటికొచ్చిన ఒక థరోబ్రెడ్ ఈమధ్య మా ఫామ్‌కి వచ్చింది. ఏడేళ్ల గెల్డింగ్ (విత్తులు తీసిన మగ గుర్రం), ఎత్తు పదహారు చేతులకు (చెయ్యి అంటే నాలుగు అంగుళాలు) కాస్త పైన. పేరు సుల్తాన్. స్వభావం బంగారం. సైసు (గుర్రాన్ని చూసుకునేవాడు) కొడుకు పొట్ట కిందనుంచి దూరిపోయినా చెవి కూడా కదపడు.

సమస్యల్లా వెన్ను. మూపు ఎముక పైకి పొడుచుకొచ్చింది. దాని వెనక రెండు వైపులా పిడికిలి పట్టేంత గుంటలు. నడుం మీద చెయ్యి వేసి నిమిరితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ తెలుస్తాయి. మెడ పైభాగం సన్నం, కింది భాగం మాత్రం లావు. అలాగని బక్కచిక్కి లేడు. పక్కటెముకలు కనబడవు, పొట్ట కూడా వేలాడుతోంది. అంటే ఒళ్లుంది, కండ లేదు.

మేత: పగలు సూపర్ నేపియర్ కోసి వేసినంత, రాత్రికి వరిగడ్డి. రెండు పూటలా గోధుమ తవుడు, అందులో ఉడికించిన ఉలవలు రెండు గుప్పెళ్లు, కొంచెం బెల్లం.

పని: సైసు రోజూ పొద్దున రౌండ్ పెన్‌లో (గుండ్రటి దొడ్డి) లాంజింగ్, అంటే చుట్టూ తిప్పడం, చేయిస్తాడు. పెన్ అడ్డం పన్నెండు మీటర్లు ఉంటుంది. లోపలికి వెళ్లగానే తల ఆకాశానికి ఎత్తి, గిరగిరా తిరుగుతాడు. అరగంటయ్యాక చెమటతో బయటికొస్తాడు. వానలు తగ్గాక ఎక్కి స్వారీ మొదలుపెట్టాలని నా ఆశ.

యూట్యూబ్‌లో పెసోవా (లాంజింగ్‌లో గుర్రానికి కట్టే తాళ్లు, పుల్లీల సామాను) కట్టి ఆరు వారాల్లో గుర్రం రూపమే మారిపోయినట్టు చూపిస్తున్నారు. సైడ్ రెయిన్స్ చాలంటారు కొందరు, ఛాంబన్ మేలంటారు ఇంకొందరు. ఏది కొనాలి? వారానికి ఎన్ని రోజులు, ఎంతసేపు? వెన్ను నిండటానికి ఎన్నాళ్లు పడుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

జంపింగ్_పిచ్చోడు:

అన్నా, కళ్లు మూసుకుని పెసోవా తీసుకో. నా దగ్గర మార్వాడీ క్రాస్ ఉంది, దానికి వాడుతున్నా. కట్టగానే మెడ గుండ్రంగా వంగుతుంది, చూడటానికే అదిరిపోతుంది. బ్రెజిల్ జంపింగ్ రైడర్ నెల్సన్ పెసోవా తయారుచేసిన పద్ధతి అది. ఆయన కొడుకు రోడ్రిగోకి 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత జంపింగ్ స్వర్ణం. అంతటివాళ్లు వాడేదాన్ని మనం ప్రశ్నించడమేంటి? వెనక పిరుదుల చుట్టూ తాడు వస్తుంది కాబట్టి వెనక్కాళ్లు వాటంతట అవే లోపలికి వస్తాయి. ఇరవై నిమిషాలు చాలు. సైసుకి ఒకసారి చూపిస్తే వాడే కట్టేస్తాడు.

పాత_దఫాదార్:

చేవెళ్ల తమ్ముడూ, నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబుంది. పొట్ట వేలాడుతోంది, మెడ కింది కండ లావెక్కింది, తల ఎత్తి చిన్న చుట్టులో పరుగు. ఈ మూడూ ఒకే కథ. గుర్రం వెన్ను కిందికి వదిలేసి, ముందుకాళ్ల మీద బరువు వేసి పరిగెడుతోంది. రోజూ అరగంట ఆ పనే చేయిస్తే ఆ పనికి కావలసిన కండే పెరుగుతుంది. పెరిగింది కూడా, మెడ కింద.

నేను ఆర్మీలో ఆర్‌వీసీలో (గుర్రాలు, పశువైద్యం చూసే విభాగం) పనిచేసి రిటైరయ్యాను. అనంతపురం వాణ్ణి. ఇప్పుడు శామీర్‌పేట వైపు ఒక రైడింగ్ స్కూల్లో కొత్తగా వచ్చిన గుర్రాలకి పని నేర్పుతుంటాను. వాటిలో ఎక్కువ భాగం నీ సుల్తాన్ లాంటివే, రేసుల నుంచి వచ్చినవి. కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. ఏ పట్టీ, ఏ తాడూ కండ పెంచదు. అది కట్టుకుని గుర్రం ఏం చేస్తోందో అదే పెంచుతుంది. మెడ గుండ్రంగా వంగితే వెన్ను లేచినట్టేనని మన జంపింగ్ తమ్ముడు అనుకుంటున్నాడు. నోరు వెనక్కి లాగితే ఏ గుర్రమైనా మెడ వంచుతుంది. కానీ చాలాసార్లు ఆ వంపు చెవుల వెనక నడినెత్తి దగ్గర రాదు, అక్కడినుంచి జానెడు వెనక మెడ మధ్యలో విరిగినట్టు వస్తుంది. వెన్ను కిందికే ఉంటుంది, వెనక్కాళ్లు వెనకే ఈడుస్తుంటాయి. ఫొటోకి బాగుంటుంది, అంతే.

వెన్ను ఎలా లేస్తుందో తెలిస్తే ఏం కొనాలో నీకే తెలుస్తుంది. నడినెత్తి నుంచి మూపు దాకా మెడ పైభాగంలో ఒక బలమైన లిగమెంట్ ఉంటుంది. గుర్రం తల కిందికీ ముందుకీ చాపితే అది మూపు ఎముకల కొనల్ని ముందుకు లాగుతుంది, దాంతో వెనకున్న వెన్ను కాస్త పైకి లేస్తుంది. ఇది గుర్రం కష్టపడకుండా వచ్చే లాభం. మిగతాది కష్టపడాలి. పొట్ట కండలు బిగిసి కిందనుంచి వెన్నుని మోయాలి, వెనక్కాలు పొట్ట కిందికి అడుగేయాలి. ముందు భాగానిది ఇంకో లెక్క. గుర్రానికి మనలాగ కాలర్ బోన్ లేదు. రెండు భుజాల ఆకుల మధ్య ఛాతీ అంతా కండల మీదే ఉయ్యాలలా వేలాడుతుంటుంది. ఆ కండలు బలపడితేనే ముందు భాగం పైకి లేచి నడుస్తుంది. పొడుగ్గా పరిగెత్తడమే నేర్చిన రేసు గుర్రానికి ఈ పని ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు పెసోవా. తాడు పిరుదుల వెనకనుంచి వచ్చి, పుల్లీల గుండా నోట్లోని బిట్‌కి (కళ్లెం ఇనుము) చేరుతుంది. వెనక్కాలు వేసే ప్రతి అడుగూ నోటికి తగులుతుంది. చేతిలో అనుభవం ఉండి, తాడు వదులుగా కట్టి, అడుగడుగూ చూసుకునేవాడికి అది పనికొచ్చే సామానే, నేను కాదనను. నీ గుర్రానికి మాత్రం ఇప్పుడు వద్దు. ఎందుకంటే రేసు గుర్రానికి నేర్పేదే బిట్ మీద వాలి ఇంకా జోరుగా పొమ్మని. జాకీ పగ్గం బిగిస్తే అది ఆగమని కాదు, పొమ్మని. అలాంటి నోటికి కదలని పట్టు కట్టి చుట్టులో వదిలితే ఏం చేస్తాడు? వాలతాడు, పరిగెడతాడు. పైగా పిరుదులకి మొదటిసారి తాడు తగిలినప్పుడు ఎగిరి తన్నిన గుర్రాల్ని బోలెడు చూశాను. ఇక సైసుకి ఒకసారి చూపించి వదిలేయడం మాత్రం ఎవరూ చేయకండి. పెసోవా గారి కొడుకు స్వర్ణం తెచ్చింది బలూబే డు రూవే అనే గుర్రం మీద, పుల్లీల మీద కాదు!

సైడ్ రెయిన్స్ అంటే బిట్ నుంచి సర్సింగిల్ (ఛాతీ చుట్టూ బిగించే పట్టీ) పక్క రింగుకి కట్టే తిన్నని పట్టీలు. నిలకడగా ట్రాట్ (నడకకీ దౌడుకీ మధ్య జోరు) చేసే గుర్రానికి మంచివి. వాక్‌లో (మామూలు నడక) వద్దు. వాక్‌లో గుర్రం ప్రతి అడుగుకీ తల ఆడిస్తుంది, పట్టీ ఆ కదలికని ఆపేస్తుంది. సాగే రబ్బరు రింగుంటే నయమంటారు, వాలే అలవాటున్న గుర్రం ఆ సాగుడు మీద కూడా వాలుతుంది. వియన్నా రెయిన్స్ అంటే బిట్ గుండా జారే త్రికోణం పట్టీలు. తల చాపుకోడానికి చోటిస్తాయి కాబట్టి ఇవి మెరుగు.

నీకు నేను చెప్పేది ఛాంబన్. అది కూడా వెంటనే కాదు. ఛాంబన్ ముందుకాళ్ల మధ్యనుంచి వచ్చి, రెండుగా చీలి, చెవుల పక్క రింగుల గుండా బిట్‌కి చేరుతుంది. తల ఎత్తితేనే నడినెత్తి మీద ఒత్తిడి. తల దించగానే ఏమీ ఉండదు. అంటే దించడమే హాయి అని గుర్రం తనకు తానే తెలుసుకుంటుంది. వెనక్కి లాగేదేమీ లేదు కాబట్టి ముక్కు ముందుకి చాపుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకో, ఛాంబన్ కట్టి ఎక్కకూడదు, దూకించకూడదు.

దానికన్నా ముందు చేయాల్సినవి ఉన్నాయి. రౌండ్ పెన్ మానేయి. పన్నెండు మీటర్ల చుట్టులో వేగంగా తిరిగితే లోపలి వైపు కాళ్ల కీళ్ల మీద భారం పడుతుంది. రేసు కాళ్లు, ఇప్పటికే తిన్నవి తిన్నాయి. ఇరవై మీటర్ల అడ్డం ఉండే చోటు చూడు. నువ్వు మధ్యలో పాతేసిన గుంజలాగా నిలబడక గుర్రంతో పాటు నడుస్తూ చుట్టుని పొలం పొడవునా జరుపుకుంటూ పో. ఒక చుట్టు, కొంత తిన్నగా, మళ్లీ చుట్టు. తాడు బిట్‌కి తగిలించకు, ముక్కు పట్టీ మీద రింగుండే కావెసన్‌కి తగిలించు. రెండేసి నిమిషాలకి వైపు మార్చు. రేసుల్లో ఒకే వైపు తిరిగిన గుర్రం కాబట్టి ఒక వైపు బిగుసుకుని ఉంటాడు, ఆ వైపు కొట్టి తిప్పకు, చుట్టు పెద్దది చెయ్యి. మొత్తం పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు, అందులో సగం వాక్. వారానికి మూడు సార్లకి మించొద్దు.

మిగతా రోజులు చేత్తో పట్టుకుని నడిపించు. చేవెళ్ల నుంచి వికారాబాద్ వైపు ఎర్రమట్టి ఎగుడుదిగుళ్లకు కొదవ లేదు. వాలు మీద ఎక్కించడం, నిదానంగా దించడం, దీనంత కండ ఏ పట్టీ ఇవ్వదు. దిగేటప్పుడు తొందరపడనివ్వకు, అడుగడుగూ తూచి వెయ్యాలి. తర్వాత నేల మీద కర్రలు పరిచి దాటించు. వాక్‌లో కర్రకీ కర్రకీ మధ్య ఎనభై, తొంభై సెంటీమీటర్లు, ట్రాట్‌లో మీటరుంపావు దగ్గర మొదలుపెట్టి వాడి అడుగుని బట్టి సర్దు. కర్ర చూడ్డానికి తల దించుతాడు, దాటడానికి కాలెత్తుతాడు, పొట్ట బిగిస్తాడు. నాలుగు వెదురు బొంగులు పరిస్తే ఇంత పని జరుగుతుంది. అలవాటయ్యాక ఒక్కో చివర ఇటుక పెట్టి లేపు, అయితే బొంగు దొర్లకుండా చూసుకో.

మూపు వెనక గుంటలన్నావే, అక్కడ జీను చూడు. రేసు జీను చిన్నది, దాన్ని అనడం లేదు. తర్వాత ఎక్కినవాళ్ల దగ్గర ఇరుకు జీను ఉందేమో. అక్కడి కండ నొక్కుకుపోతే సరిగ్గా అలాంటి గుంటే పడుతుంది. ఇప్పుడు గుంటకి సరిపడే జీను కొంటే, కండ నిండిన రోజున అది మళ్లీ ఇరుకవుతుంది. కాస్త వెడల్పుది తీసుకుని కింద ప్యాడ్‌తో సర్దుకోవాలి.

ఎండాకాలమైతే పొద్దున ఏడులోపు పని అయిపోవాలి. వానలప్పుడు నల్లరేగడి మీద చుట్టు తిప్పొద్దు.

చేవెళ్ల_మట్టి:

దఫాదార్ సార్, చాలా థాంక్స్. మీరన్నట్టు ఇవాళ కావెసన్‌తో పొలంలో నడిపించాం. మొదట రౌండ్ పెన్‌లోలాగే లాగాడు, తర్వాత పక్కన నేను కూడా నడుస్తుంటే తల దించి ఒక పెద్ద ఊపిరి వదిలాడు. అదేదో కొత్తగా అనిపించింది.

రెండు సందేహాలు. ఒకటి, కర్రల మీద వాక్‌లో కూడా వెనక ఎడమ కాలు గిట్ట నేలకి రాసుకుంటోంది. రెండు, వెన్ను మీద బ్రష్ గట్టిగా వేస్తే చెవులు వెనక్కి పెట్టి కిందికి కుంగుతాడు. సైసు అది వాడి అలవాటే అంటున్నాడు. ఇవి కండ లేక వచ్చేవేనా?

కడప_పశువైద్యుడు:

చేవెళ్ల గారూ, బ్రష్ వేస్తే కుంగడం అలవాటని వదిలేయకండి. పని పెంచే ముందు గుర్రాలు చూసే డాక్టరు చేత వెన్ను పరీక్ష చేయించండి. థరోబ్రెడ్లలో మూపు వెనక వెన్నుపూసల కొనలు ఒకదానికొకటి రాసుకునే సమస్య తరచుగా కనబడుతుంది. ఎక్స్‌రేలో తెలుస్తుంది. అది ఉంటే వెన్ను లేపే వ్యాయామమే మందులో భాగం, కానీ ముందు నొప్పి తగ్గాలి. నొప్పితో ఉన్న వెన్ను మీద కండ పట్టదు. పట్టీ కట్టి బలవంతాన వంచితే నొప్పిని దాచుకోవడం నేర్చుకుంటాడు. ఎడమ కాలు ఈడుస్తోందన్నారు కాబట్టి కుంటి కూడా చూడమనండి, తిన్నగా ట్రాట్ చేయించి, చుట్టులో చేయించి.

మన వాతావరణంలో ఇంకో అనుమానం నాకెప్పుడూ ఉంటుంది, సర్రా. జోరీగలు కుట్టడం వల్ల రక్తంలో చేరే ట్రిపనోసోమా పరాన్నజీవి. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, తింటున్నా కండ కరిగిపోతుంది, కాళ్లకి, పొట్ట కిందికి నీరు దిగుతుంది, నడకలో వెనక భాగం తూలుతుంది. వానల తర్వాత ఎక్కువ. రక్తపరీక్ష చేయించండి. ఒక్కసారి స్లైడ్‌లో కనబడలేదని లేదనుకోవద్దు, జ్వరం ఉన్నప్పుడు తీసిన రక్తంలోనే దొరికే అవకాశం ఎక్కువ. పిడుదుల వల్ల వచ్చే బబీసియా, థైలీరియా కూడా అదే నమూనాలో చూడమనండి. పళ్లు ఆకురాయించి ఎన్నాళ్లయింది? నట్టల మందు? రేసు గుర్రాల్లో కడుపులో పుండ్లు చాలా మామూలు, అవి ఉన్న గుర్రం కూడా పొట్ట పట్టుకున్నట్టు బిగుసుకుని నడుస్తుంది.

మేత గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అన్నిటికన్నా అదే కనబడింది. కండ ప్రోటీన్‌తో తయారవుతుంది, అందులోనూ ముందు తక్కువపడేది లైసిన్ అనే అమైనో ఆమ్లం. ఐదు వందల కిలోల గుర్రం తేలికపాటి పని చేస్తుంటే రోజుకి దాదాపు 700 గ్రాముల ప్రోటీన్, 30 గ్రాముల లైసిన్ కావాలని అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2007 పట్టికలు చెబుతాయి. వరిగడ్డిలో ప్రోటీన్ నామమాత్రం, పొట్ట నింపుతుంది. ఆ వేలాడే పొట్టలో కొంత భాగం అదే. ముదిరిన నేపియరూ అంతే.

సూపర్ నేపియర్‌తో ఇంకో చిక్కుంది. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పేగుల్లోనే పట్టేస్తాయి. గేదెల కడుపులో సూక్ష్మజీవులు ఆ ఆక్సలేట్‌ని చాలావరకు ముందే విరగ్గొడతాయి, గుర్రానికి ఆ సౌకర్యం లేదు. మీరు పైనుంచి తవుడు పెడుతున్నారు, అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఇలా నెలల తరబడి సాగితే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుంటుంది. అంతుచిక్కని కుంటి, బిగుసుకున్న నడక, చివరికి ముఖం ఎముకలు ఉబ్బడం. దవడ ఎముక రెండు వైపులా తడిమి చూడండి.

కాబట్టి నేపియర్ సగానికి సగం తగ్గించి ఎండు లూసర్న్ అలవాటు చేయండి, రోజుకి రెండు మూడు కిలోలు. దానిలో ప్రోటీనూ కాల్షియమూ రెండూ ఉంటాయి. తవుడు తీసేసి, ఉలవలు పెంచి, అరకిలో దాకా సోయా చెక్క కలపండి. వేడిచేసి నూనె తీసిన చెక్కే, పచ్చి సోయా వద్దు. అరకిలోలో సుమారు 14 గ్రాముల లైసిన్ వస్తుంది. ఉలవలు ఉడికించే పెడుతున్నారు, అది మంచి పద్ధతి. ఉప్పు రాయి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. ఏ మార్పైనా పది, పదిహేను రోజుల మీద నెమ్మదిగా, లేకపోతే కడుపునొప్పి తెచ్చుకుంటారు. లేత జొన్న చొప్ప మాత్రం గుర్రానికి వేయొద్దు, ఎవరు ఎంత మంచిదని చెప్పినా.

బరువు తెలియకపోతే టేపుతో చూసుకోవచ్చు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతని అదే అంకెతో గుణించి, మళ్లీ భుజం కొన నుంచి పిరుదు కొన దాకా ఉన్న పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. కొలతలు సెంటీమీటర్లలో.

రెడింగ్_సుధ:

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, ఇక్కడ ఒక లివరీ యార్డ్‌లో (డబ్బు తీసుకుని ఇతరుల గుర్రాల్ని ఉంచే చోటు) ఒక ఐరిష్ కాబ్ జాతి గుర్రాన్ని యజమానితో కలిసి షేర్‌లో చూసుకుంటాను. డాక్టర్ గారు నొప్పి సంగతి చెప్పారు కాబట్టి, పరీక్ష అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోకుండా చేసుకోగలిగింది ఒకటి చెప్తాను. పని పెంచకుండానే వెన్నులోపలి కండల్ని కదిలించవచ్చు, క్యారెట్‌తో. డాక్టరు వద్దంటే ఆపేయండి.

గుర్రాన్ని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి క్యారెట్ చూపిస్తూ గడ్డాన్ని ఛాతీకి, తర్వాత మోకాళ్ల మధ్యకి, తర్వాత గిట్టల దాకా తెప్పించాలి. పక్కలకి అయితే జీను పట్టీ దగ్గరికి, డొక్క దగ్గరికి, వెనక మోకాలి వైపుకి. చివర్లో కొన్ని సెకన్లు ఆగాలి. లాక్కుని తినేస్తే లాభం లేదు. హిలరీ క్లేటన్, నారెల్ స్టబ్స్ వాళ్ల బృందం 2011లో ప్రచురించిన పరిశోధన ఇదే. ఎనిమిది గుర్రాలకి వారానికి ఐదు రోజులు, ఒక్కో కదలిక ఐదేసి సార్లు, మూడు నెలలు చేయించి స్కాన్ తీస్తే వెన్నెముకని అంటుకుని ఉండే మల్టిఫిడస్ కండ పెరిగింది. బయటికి కనబడే కండ కాదది, పూసల్ని నిలబెట్టేది. యూట్యూబ్ వాళ్ల ఆరు వారాల అద్భుతాలకన్నా నాకు ఈ మూడు నెలలే నమ్మబుద్ధేసింది.

మా ఫిజియో ఛాంబన్ కూడా వద్దని సాగే బ్యాండ్లు ఇచ్చింది. ఒకటి పొట్ట చుట్టూ, ఒకటి పిరుదుల వెనక, జీను కిందివేసే ప్రత్యేకమైన గుడ్డకి తగిలిస్తారు. నోటితో సంబంధమే లేదు. నాలుగు వారాలు వాడిన గుర్రాల్లో ట్రాట్‌లో వెన్ను అటూ ఇటూ ఊగడం తగ్గిందని ఇక్కడి పరిశోధకులు కొలిచి చూపించారు. సుల్తాన్‌కి పిరుదుల బ్యాండ్ మొదట వద్దు, పొట్టది ఒక్కటే వదులుగా. ఇండియాకి తెప్పించుకుంటే ఖరీదెక్కువ అవుతుంది, క్యారెట్లు మాత్రం రైతుబజార్లో దొరుకుతాయి కదా.

జంపింగ్_పిచ్చోడు:

సరే, నేను కట్టే పెసోవా రేపు వీడియో తీసి పెడతా, దఫాదార్ గారు చూసి చెప్పండి. తిట్టినా పర్లేదు.

పాత_దఫాదార్:

పెట్టు తమ్ముడూ, పక్కనుంచి తియ్యి. మెడ చూడను, వెనక్కాలు ముందు గిట్ట వేసిన అచ్చు దాకా వస్తోందా లేదా అదే చూస్తాను.

సుధమ్మ చెప్పిన క్యారెట్ పని మేం సవార్లకి చెప్పి చేయించేవాళ్లం, దాని మీద పరిశోధన ఉందని నాకిప్పుడే తెలిసింది. బాగుంది. డాక్టరు గారు మేత గురించి చెప్పింది అక్షరాలా పాటించు చేవెళ్ల తమ్ముడూ. నేపియర్ సంగతి చాలా ఫామ్‌లకి తెలీదు, గేదెలకి మంచిదని గుర్రాలకీ వేసేస్తున్నారు.

ఎన్నాళ్లని అడిగావు. వెన్నులో నొప్పి లేదని తేలాక, మేత మారాక, మూడు నెలలకి చేత్తో తడిమితే తేడా తెలుస్తుంది. ఆరు నెలలకి కంటికి కనబడుతుంది. వానలు తగ్గాక ఎక్కాలన్న ఆశ కొంచెం వెనక్కి జరుపుకో. నెలకోసారి అదే గోడ పక్కన, అదే నేల మీద, తల సహజంగా ఉన్నప్పుడు ఫొటో తియ్యి. గడ్డి చూపించి తల దించి తీస్తే అందరి గుర్రాలకీ వెన్ను బాగానే ఉంటుంది!

డాక్టరు సరేనన్నాక ఛాంబన్ మొదలుపెట్టే రోజున ముందు ఖాళీగా పది నిమిషాలు నడిపించు, ఒళ్లు వెచ్చబడనివ్వు. ముందు తాడు బిట్‌కి తగిలించకుండా తల పట్టీ ఒక్కటే వేసి తిప్పు. మరుసటి సారి తగిలించి, గుర్రం మామూలుగా నిలబడితే తాడు వేలాడేంత వదులుగా ఉంచు. నిలబడి ఉన్నప్పుడే చేత్తో తల దించి, ఒత్తిడి ఎలా పోతుందో చూపించు. ఇది దాటేయొద్దు. అర్థం కాని గుర్రం ఒత్తిడి నుంచి తప్పించుకోడానికి పైకి లేస్తుంది, వెనక్కి పడే ప్రమాదం ఉంది. మొదటి వారం ఐదు నిమిషాలు వాక్ మాత్రమే. తర్వాత ట్రాట్, పది నిమిషాల లోపు. ముక్కు భుజం కొన ఎత్తుకి వస్తే చాలు, ఇంకా కిందికి బిగిస్తే ముందుకాళ్ల మీద వాలిపోతాడు. వేగం తగ్గి, వెన్ను ఊగడం మొదలై, తోక వదులుగా అటూ ఇటూ ఆడితే అక్కడే ఆపి విప్పేయి. బాగా చేస్తున్నాడు కదా, ఇంకో రెండు చుట్లు అనుకోకు. అలిసిన కండ తప్పుగా పనిచేస్తుంది.

చేవెళ్ల_మట్టి:

ఇక్కడి గుర్రాల డాక్టరు గారితో వచ్చే వారానికి మాట్లాడుకున్నాం, పోర్టబుల్ ఎక్స్‌రే తెస్తామన్నారు. రక్తం కూడా అప్పుడే. దవడ తడిమి చూశాను, ఉబ్బు ఏమీ తగల్లేదు. నేపియర్ నిన్నటి నుంచే తగ్గించడం మొదలుపెట్టాం, లూసర్న్ బేళ్లు చెప్పాను.

సార్, ఛాంబన్, కావెసన్, సర్సింగిల్ ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి? దిగుమతి సరుకు ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.

పాత_దఫాదార్:

దిగుమతి ఎందుకు, కాన్పూర్ నుంచి తెప్పించు. విదేశాల్లో అమ్మే గుర్రపు సామానులో బోలెడంత అక్కడ కుట్టిందే. కాన్పూర్ జీనులకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. సర్సింగిల్ అడిగేటప్పుడు ఛాతీ చుట్టుకొలత చెప్పు, రెండు వైపులా బకిల్ ఉన్నది, పక్కకి నాలుగు రింగులైనా ఉన్నది అడుగు. వెన్నెముక మీదుగా వెళ్లే చోట మధ్యలో గాడి ఉండాలి, రెండు వైపులా దళసరి మెత్త ఉండాలి. నీ వాడి మూపు పొడుచుకొచ్చి ఉంది కాబట్టి చదునుగా ఉన్నది అక్కడే ఒరుస్తుంది. కావెసన్ ముక్కు పట్టీలో ఇనుప ముక్క ఉంటే దాని మీద తోలు మెత్త వేయించు. తాడు ఎనిమిది మీటర్లది, నూలుది. నైలాన్ వద్దు, చెయ్యి కోసుకుపోతుంది. చేతికి గ్లవ్స్, సైసుకి కూడా ఒక జత.

ఎక్స్‌రే ఫలితం వచ్చాక ఇక్కడే రాయి, దాన్ని బట్టి ఛాంబన్ ఆర్డరు పెట్టాలో వద్దో చూద్దాం. అప్పటిదాకా కావెసన్, తాడు చాలు.